యాభై విజయాలూ, ఒక నీళ్ల ట్యాంకూ

గడచిన మూడు నెలల్లో తమ విద్యార్థులు సరిగ్గా యాభై విజయాలు సాధించారని ఆ ఉన్నత పాఠశాల హెడ్మాస్టరుగారు సోమవారం ఉదయం పిల్లలందరినీ ఎండలో నిలబెట్టి ప్రకటించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ యాభై ఏమిటన్నది అప్పటికింకా తేలలేదు. తేల్చే బాధ్యతను అదే రోజు మధ్యాహ్నం లెక్కల టీచరుకి అప్పగించారు.

యాభై అన్న అంకె ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. రోడ్డుకి అవతలున్న పాఠశాల తన గోడకి కట్టిన బ్యానరు మీద నలభై తొమ్మిది విజయాలున్నాయి. హెడ్మాస్టరుగారు స్వయంగా రోడ్డు దాటి వెళ్లి, ఒక్కొక్క దాని మీద వేలు పెట్టి, రెండుసార్లు లెక్కపెట్టుకుని వచ్చారు. విద్యారంగంలో దీన్నే ఆరోగ్యకరమైన పోటీ అంటారు.

మూడు నెలలకొకసారి పైఆఫీసుకి పంపే ఈ నివేదికను పదకొండేళ్లుగా భాషా టీచరు రాస్తూ వచ్చింది. ఆవిడ చేతిలో విశేషణాలకి కొదవ లేదు. గాలికి పడిపోయిన సైకిళ్లని పిల్లలు లేపి నిలబెడితే దాన్ని ‘రవాణా రంగంలో యువత సేవలు’ అని రాసిన మనిషి. ఆవిడ ప్రసూతి సెలవు మీద వెళ్లింది. విజయాలంటే అంకెలే కదమ్మా, అంకెలంటే మీరే కదా అని హెడ్మాస్టరుగారు లెక్కల టీచరు చేతిలో ఖాళీ కాగితాల దస్తా పెట్టారు. లెక్కల టీచరుకి ఒక జబ్బు ఉంది. రెండు అని రాయాలంటే ముందు రెండూ కళ్లతో చూడాలి. ఇంతకాలం ఆ జబ్బు వల్ల ఎవరికీ నష్టం కలగలేదు గనక ఎవరూ పట్టించుకోలేదు.

మరునాటి నుంచి ఉపాధ్యాయులందరూ తమ తమ విజయాలను చీటీల మీద రాసి ఆవిడ బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. ప్రాంతీయ చదరంగం పోటీలో మన విద్యార్థికి ద్వితీయ స్థానం అని మొదటి చీటీ. పోటీకి వచ్చింది ఇద్దరేనని వాకబు చేస్తే తేలింది. అయినా ద్వితీయం ద్వితీయమే. అయిదు కిలోమీటర్ల పరుగుపందెంలో మన పదో తరగతి కుర్రవాడు రెండో మలుపు దగ్గర కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగి, చివరికి పోస్టాఫీసు దగ్గర దొరికాడు. ‘నిర్దేశిత దూరం కన్నా నాలుగు కిలోమీటర్లు అధికంగా పరుగెత్తిన ఏకైక క్రీడాకారుడు’ అని డ్రిల్లు మాస్టారు రాసిచ్చారు. అందులో ఆయన కలిపింది ఏమీ లేదు. సమయపాలన అన్న అంశం మీద వక్తృత్వ పోటీ ముఖ్య అతిథి కోసం ఎదురుచూసి మూడు గంటలు ఆలస్యంగా మొదలైంది. అప్పటికి ఇంటికి వెళ్లిపోకుండా మిగిలిన అమ్మాయికి మొదటి బహుమతి ఇచ్చారు. నాటకంలో చెట్టు వేషం వేసిన ఆరో తరగతి పిల్లవాడు నలభై నిమిషాలు రెప్ప కూడా కదపకుండా నిలబడి ఉత్తమ నటుడయ్యాడు. తెర పడ్డాక వాణ్ని భుజం తట్టి లేపవలసి వచ్చింది.

పుస్తక పఠన వారం గురించి కూడా చెప్పుకోవాలి. చదివితే పుస్తకాలు నలుగుతాయని లైబ్రరీ బీరువాలకి ఎప్పుడూ తాళమే. అందుకని పిల్లల్ని వరసగా నిలబెట్టి, అద్దాల్లోంచి కనిపించే పుస్తకాల పేర్లు పైకి చదివించారు. ఆ వారంలో ఏడు వందల మంది పిల్లలు తలా మూడు వందల పేర్లు చదివారు గనక మొత్తం రెండు లక్షల పదివేల పఠనాలు. ఈ గుణకారాన్ని లెక్కల టీచరు సరిచూసింది. సరిగ్గానే ఉంది. సైన్సు ప్రదర్శనలో అగ్నిపర్వతం నమూనా పేలి కిటికీ తెర అంటుకున్నప్పుడు, ప్రేక్షకులు హాలు మొత్తం ఖాళీ చేసేంతగా స్పందించారని సైన్సు టీచరు రాశాడు. అదీ అబద్ధం కాదు.

ఆ సాయంత్రం లెక్కల టీచరు ఇంట్లో చీటీలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చుంటే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి చదివారు. ఆవిడ ముప్పై ఏళ్లు ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ బళ్లో చదివే పిల్లల్లో సగం మంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్లే. చివరి చీటీ చదివి, కళ్లజోడు తీసి, కోడలి వంక చూసి, “ఈ విజయాల కోసమని తెలిస్తే కాస్త నెమ్మదిగా పుట్టించేదాన్నమ్మా” అన్నారు.

ఎలా ఏరినా నలభై తొమ్మిదే తేలాయి. యాభయ్యోది లేదు. లెక్కల టీచరు దాని కోసం వెతుకుతూ ఎనిమిదో తరగతి వాళ్ల ప్రాజెక్టు పుస్తకాల కట్ట విప్పింది.

మీ చుట్టూ ఉన్న అంకెలు పోగుచేసి గ్రాఫు గీయండి అని నెల క్రితం ఆవిడే ఇచ్చిన పని అది. నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది రోడ్డు మీద వెళ్లే వాహనాల రంగులు లెక్కపెట్టారు. ముప్పై ఎనిమిది మందికీ ఎర్రవి పన్నెండు, తెల్లవి ఇరవై మూడు వచ్చాయి. గైడులో కూడా అంతే. ఒకడు అసలు పుస్తకమే ఇవ్వలేదు. మిగిలిన పుస్తకం ‘ప్రశ్నపత్రం’ది.

ప్రశ్నపత్రం అంటే ఆ తరగతిలో మూడో బెంచీ పిల్ల. వేళ కాని వేళ ఎదురైతే అందరికీ గుండె దడ పుట్టేది గనక స్టాఫ్‌రూంలో ఆ పేరు పెట్టారు. ఆ పిల్ల వాహనాలు లెక్కపెట్టలేదు. కడుపునొప్పులు లెక్కపెట్టింది.

మూడు నెలల హాజరు పట్టీలు తిరగేసి, కడుపునొప్పి, విరేచనాలు, వాంతులు అన్న కారణాలతో బడి మానిన వాళ్లందరినీ ఒక పట్టికలో వేసింది. మెట్ల వైపున్న మూడు గదుల పిల్లలు అరవై ఒక్కసార్లు మానారు. మైదానం వైపున్న మూడు గదుల పిల్లలు పందొమ్మిదిసార్లు. పిల్లల సంఖ్య రెండు వైపులా ఇంచుమించు ఒకటే. మెట్ల దగ్గర కుళాయికి మేడ మీది ట్యాంకు నుంచి నీళ్లొస్తాయి, మైదానం దగ్గర కుళాయికి వీధి గొట్టం నుంచి నేరుగా వస్తాయి. కింద ఇంకో గడి ఉంది. టీచర్లు: సున్నా. పక్కనే చిన్న అక్షరాలతో కారణం: ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లు తాగుతారు. చివర్లో, మేడ ఎక్కి చూడాలి, మాకు అనుమతి లేదు అని రాసి ఉంది.

లెక్కల టీచరు కూడికలు మూడుసార్లు సరిచూసింది. ఒక్క తప్పు దొరకలేదు. తరవాత డ్రిల్లు మాస్టారుని అడిగింది. బంతి కోసం నిచ్చెన వేసుకుని మేడ ఎక్కే మనిషి ఆయనొక్కడే. ట్యాంకు మూత నాలుగేళ్ల కిందట గాలివానకి ఎగిరిపోయిందని, పావురాలు అందులో జలకాలాడుతున్నాయని, ఒకటి రెండు ఆడడం మానేసి అలాగే తేలుతున్నాయని ఆయన మామూలుగా చెప్పారు. ఎవరికీ చెప్పలేదేం అంటే, ఎవరూ అడగలేదన్నారు. తను వెళ్లింది బంతి కోసమని, బంతి దొరికిందని కూడా చెప్పారు.

పన్నెండేళ్ల సర్వీసులో తను నేర్పిన లెక్కని పరీక్షకి కాకుండా ఇంకో పనికి వాడిన పిల్ల ఇదొక్కతే అని లెక్కల టీచరుకి తట్టింది. సంతోషం వేసింది, వెంటనే సిగ్గూ వేసింది. రెండూ కలిసి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఏ పాఠంలోనూ లేదు. మొత్తానికి ఆ గ్రాఫుని నివేదికలో యాభయ్యో విజయంగా రాసి, అందంగా కాపీ తీసి, హెడ్మాస్టరు గదికి పట్టుకెళ్లింది.

హెడ్మాస్టరుగారు చదివి, కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. “ఇది విజయమా, ఫిర్యాదా?” అని అడిగారు.

విజయమేనండీ, మూత ఒక్కటి వేయిస్తే సరిపోతుంది అని ఆవిడ అంది. అప్పుడాయన మూత విషయంలో ఉన్న సాంకేతిక ఇబ్బందిని ఓపిగ్గా వివరించారు. సామాన్ల రిజిస్టరు ప్రకారం ట్యాంకుకి మూత ఉంది. ఉన్నదానికి మళ్లీ ఎలా అడుగుతాం? లేదని రాస్తే, ఎలా పోయిందని విచారణ వేస్తారు. విచారణ కమిటీలో ముగ్గురుండాలి, అందులో ఒకరు హెడ్మాస్టరు కావాలి, ఆ హెడ్మాస్టరు మీద విచారణ జరుగుతుంటే ఆయన కమిటీలో ఉండకూడదు. పైగా ఆయన రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలే ఉంది. ఇంత జరిగాక మూతకన్నా పావురాలే నయమనిపించడం సహజం.

అలాగని ఆయన విజయాన్ని వదులుకునే మనిషీ కాదు. వదులుకుంటే మళ్లీ నలభై తొమ్మిదే కదా. కలం తీసి, రెండు నిమిషాలు ఆలోచించి, సరిదిద్ది ఆవిడకి చూపించారు. ‘మా విద్యార్థిని గణిత పరిజ్ఞానాన్ని వినియోగించి, పాఠశాల మేడ మీద పక్షులకు నిరంతర నీటి వసతి ఉన్న విషయాన్ని వెలుగులోకి తెచ్చినది.’

“ఇందులో ఒక్క అబద్ధం చూపించండమ్మా” అన్నారు.

లెక్కల టీచరు ఎంత చూసినా అబద్ధం కనిపించలేదు. ప్రతి మెట్టూ సరిగ్గా ఉండి జవాబు తప్పు రావడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి. నివేదిక ఆ మధ్యాహ్నమే పైఆఫీసుకి వెళ్లిపోయింది.

అయితే ఆవిడ ఊరికే కూర్చోలేదు. సామాన్ల గదిలో పనికిరాదని పడేసిన పాత నల్లబల్ల ఒకటుంది. శనివారం బడి విడిచాక డ్రిల్లు మాస్టారూ ఆవిడా కలిసి దాన్ని నిచ్చెన మీంచి పైకి చేరవేసి, ట్యాంకు కడిగించి, దానిమీద కప్పి, నాలుగు ఇటుకలు బరువు పెట్టారు. డ్రిల్లు మాస్టారు అభ్యంతరం చెప్పలేదు. ఆయన్ని అడిగితే ఏ పనైనా చేస్తారు, ఎవరూ అడగకపోవడమే ఆయన సమస్య. ప్రశ్నపత్రం తన పట్టిక కొనసాగించింది. మెట్ల వైపు కడుపునొప్పులు వారానికి అయిదు నుంచి రెండుకి దిగాయి. గ్రాఫులో గీత కిందికి వంగిన చోట ఆ పిల్ల చిన్న నల్లబల్ల బొమ్మ వేసింది.

మూడు వారాలకి పైఆఫీసు నుంచి కవరు వచ్చింది. యాభై విజయాల్లో నలభై తొమ్మిదింటిని ఎవరూ చదివినట్టు లేదు. యాభయ్యోది మాత్రం పెద్ద అధికారి హృదయాన్ని కదిలించింది. ఈ పాఠశాలని ‘పక్షిమిత్ర పాఠశాల’గా ఎంపిక చేయడమైనదని, జ్ఞాపిక అందజేయడానికి అధికారి స్వయంగా విచ్చేస్తారని, సదరు నీటి వసతిని కూడా పరిశీలిస్తారని అందులో ఉంది.

హెడ్మాస్టరుగారు మేడ మీదికి మనిషిని పంపించారు. పక్షులకి ఆటంకంగా ఉన్న నల్లబల్లను తొలగించడమైనదని ఆ సాయంత్రమే నోటీసు బోర్డులో పడింది. లెక్కల టీచరు వెళ్లి అడిగింది, వాదించింది, పట్టిక చూపించింది. ఆయన ఆప్యాయంగానే విన్నారు. జ్ఞాపిక అందిన మరునాడు ఏదో ఒకటి చూద్దాం, ముందు పావురాలు తిరిగి రావాలి కదా అన్నారు. పావురాలు రెండో రోజుకే తిరిగి వచ్చాయి. అయిదో రోజుకి మెట్ల వైపు గదుల్లో తొమ్మిది మంది రాలేదు. వాళ్లలో మూడో బెంచీ పిల్ల కూడా ఉంది.

సభ రోజుకి ఆ పిల్ల కోలుకుని వచ్చింది, మొహం పీక్కుపోయి ఉంది. వేదిక మీద పలకవలసిన మాటలు హెడ్మాస్టరుగారు రాసిచ్చారు. పక్షులు మన నేస్తాలు, వాటి దాహం మన దాహం. హాలు వెనక పిల్ల ఆ కాగితం పట్టుకుని లెక్కల టీచరు దగ్గరికి వచ్చి, ఇది చదవాలా టీచర్ అని అడిగింది. ఆవిడ ఆ కాగితం తీసుకుని మడిచి పుస్తకంలో పెట్టుకుంది. “నీ లెక్కలో ఏం తేలిందో అది చెప్పు. ఒక్క వాక్యం చాలు” అంది.

హాలు నిండా తల్లిదండ్రులు, నాలుగు వందల మంది దాకా ఉంటారు. వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల, బల్ల మీద మూత బిగించిన అయిదు నీళ్ల సీసాలు. పిల్లని పిలిచారు. ఆ పిల్ల మైకు దగ్గరికి వెళ్లి, అందకపోతే మునివేళ్ల మీద లేచి, గట్టిగా చెప్పింది.

“ఆ ట్యాంకు నీళ్లే మేం తాగుతామండి.”

హెడ్మాస్టరుగారి మొహం సుద్దముక్కలా అయింది. కానీ పెద్ద అధికారి సామాన్యుడు కాదు. ఎన్ని సభల్లో ఎన్ని నిజాలను చూశాడో. లేచి వచ్చి పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

“విన్నారా? ఎంత మాట అంది ఈ చిన్నారి. పక్షులు తాగే నీళ్లే తామూ తాగుతున్నారట. నాది, నీది అన్న తేడా లేకుండా, రెక్కలున్నవాటికీ లేనివాళ్లకీ ఒకే పాత్ర. మహామహులు చెప్పలేని సమభావాన్ని ఈ పాఠశాల ఒక ట్యాంకులో సాధించింది.”

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. పిల్ల వేదిక మీంచి లెక్కల టీచరు వైపు చూసింది. లెక్క సరిగ్గా చేసినా తప్పు కొట్టినప్పుడు పిల్లలు చూసే చూపు అది.

లెక్కల టీచరు హాల్లోంచి బయటికి నడిచింది. ఆఫీసు గదిలో ట్రే, ఆరు గాజు గ్లాసులు తీసుకుంది. మెట్ల దగ్గర కుళాయి తిప్పి ఆరూ నింపింది. తిరిగి వచ్చి, సమభావం మీద ప్రసంగం సాగుతుండగానే వేదిక ఎక్కి, సీసాలు పక్కకి జరిపి, అతిథి ఒక్కొక్కరి ముందూ ఒక్కొక్క గ్లాసు పెట్టింది. పెద్ద అధికారి గ్లాసులో చిన్న ఈక ఒకటి గుండ్రంగా తిరుగుతోంది.

“మేడ మీది నీళ్లేనండి. పక్షులతో కలిసి తాగుతారని తెచ్చాను” అంది. మైకు దగ్గర్లోనే ఉంది గనక అందరికీ వినిపించింది.

అప్పుడు ఆరో గ్లాసు ఎత్తి తను తాగింది. ఆ బళ్లో చేరిన నాటి నుంచి ఆ కుళాయి నీళ్లు ఆవిడ నోట్లో పోసుకోవడం అదే మొదలు. తుప్పు, పాచి, ఇంకేదో కలిసిన రుచి. గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి నిలబడింది. నాలుగు వందల మంది వేదిక వైపే చూస్తున్నారు. అధికారి గ్లాసు ఎత్తాడు, పెదవుల దాకా తెచ్చాడు, ఈకని చూశాడు, దించాడు. తనకి గొంతు బాగోలేదని, వైద్యులు నీళ్లు వద్దన్నారని చెప్పాడు. విచిత్రంగా ఆ వేదిక మీదున్న అయిదుగురికీ వైద్యులు ఆ పూటే నీళ్లు వద్దన్నారు. గంటన్నర సాగవలసిన ప్రసంగం రెండు నిమిషాల్లో ముగిసింది. ట్యాంకు పరిశీలన కార్యక్రమం సమయాభావం వల్ల రద్దయింది.

మరునాడు పదింటికల్లా ట్యాంకుకి కొత్త మూత వచ్చింది. రిజిస్టరు, విచారణ, కమిటీ ఏవీ అడ్డురాలేదు. భవిష్యత్తులో విచ్చేసే అతిథుల ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకుని తక్షణమే అమర్చవలసిందిగా పెద్ద అధికారి ఫోన్ చేశారట. పక్షిమిత్ర జ్ఞాపికని హెడ్మాస్టరు గదిలో గోడకి కొట్టారు. లెక్కల టీచరు రెండు రోజులు మంచం దిగలేదు. అత్తగారు చెంచాతో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టిస్తూ, చదువుకున్నదానివి, చూపిస్తే సరిపోయేది కదా, తాగడం దేనికి అన్నారు. చూపించానత్తయ్యా, చూపిస్తే చప్పట్లు కొట్టారు అని కోడలు గోడ వైపు తిరిగి పడుకుంది. ప్రశ్నపత్రం పట్టికలో టీచర్ల గడిలో సున్నా కొట్టేసి ఒకటి వేసింది.

సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి బల్ల మీద మెమో ఉంది. అతిథులకు అనుమతి లేని నీరు అందించినందుకు సంజాయిషీ ఇవ్వవలసినదని. నివేదిక రాసే బాధ్యతను డ్రాయింగ్ మాస్టారుకి మార్చారు. ఆయనకి కంటికి కనిపించినదే గీయాలన్న పట్టింపు లేదు. ‘దూరదృష్టితో ట్యాంకుకి మూత’ అన్నది తరవాతి జాబితాలో నాయకత్వ విజయంగా చేరింది.

వీటిలో దేనికీ లెక్కల టీచరు పెద్దగా బాధపడలేదు. ఆవిడ ఎదురుచూసింది వేరే. నాలుగు వందల మంది చెవులారా విన్నారు, కళ్లారా చూశారు. వాళ్ల పిల్లలే కదా ఆ నీళ్లు తాగింది. ఒక్కరైనా వచ్చి నిలదీస్తారని, నిలదీస్తే పట్టిక ఇచ్చి పంపాలని, ఆరు కాపీలు తీయించి సొరుగులో పెట్టుకుంది.

శనివారం నిజంగానే వచ్చారు. ఆఫీసు ముందు నుంచి మెట్ల దాకా వరస. ముప్పై ఏడు మంది. వాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడే పని, నోరు జారినందుకు శిక్షగా, లెక్కల టీచరుకే వేశారు. ఆవిడ సొరుగు తెరిచి సిద్ధంగా కూర్చుంది. సభ రోజు పంచిన యాభై విజయాల జాబితాలో మా అబ్బాయి పేరు లేదేం అని మొదటి తల్లి అడిగింది. రెండో ఆయనా అదే అడిగాడు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. పేరు లేదని ముప్పై ఒక్కమంది, పేరు తప్పు పడిందని నలుగురు, పక్కింటి వాళ్లమ్మాయి పేరు కింద మా అమ్మాయి పేరు వేశారని ఒకరు.

చివరగా వచ్చినాయన పట్టణంలో పేరున్న కళ్లజోళ్ల షాపు యజమాని. వాళ్లబ్బాయి మెట్ల వైపు గదిలోనే చదువుతున్నాడు. ఆయనా పేరు విషయమే అడిగాడు. లెక్కల టీచరు ఇక ఉండబట్టలేక, ఆ రోజు సభకి మీరు వచ్చారా, నీళ్ల సంగతి విన్నారా అంది.

ఆయన నవ్వాడు. ఆ కుళాయి సంగతి కొత్తేమీ కాదని, పెద్దబ్బాయి చదివేటప్పటి నుంచే ఇంట్లో అందరికీ తెలుసని, అందుకే చిన్నవాడికి మొదటి రోజే ఆ నీళ్లు ముట్టుకోవద్దని చెప్పి పంపామని అన్నాడు.

“ఇన్నేళ్ల నుంచి తెలిసి, బడికి వచ్చి ఒక్కసారైనా చెప్పలేదేమండీ?”

ఆయన ఆవిడ వంక నిజంగా అర్థం కానట్టు చూశాడు.

“మావాడు తాగట్లేదు కదండీ టీచర్.”

ఈ జవాబులో తప్పు కనిపెట్టగలిగినవారు తమ పేర్లను పనివేళల్లో పాఠశాల ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. అందుకోసం ప్రత్యేకంగా ఒక రిజిస్టరు తెరిచారు. ఇప్పటిదాకా అది ఖాళీగానే ఉంది.